పచ్చ టిక్కు పడింది, బిల్లు పడలేదు: కస్టమ్స్ సాఫ్ట్‌వేర్ తయారీదారులకు పలాస నుంచి బహిరంగ లేఖ

కస్టమ్స్ క్లియరెన్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్ముతున్న సంస్థల యాజమాన్యాలకు, అక్కడ కోడు రాస్తున్న ఇంజినీర్లకు, ఆ సాఫ్ట్‌వేర్‌తో మా సరుకు విడిపించే కస్టమ్స్ బ్రోకర్లకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఒక చిన్న జీడిపప్పు యూనిట్‌లో పద్దులు రాసే గుమాస్తాని. మీ సాఫ్ట్‌వేర్ వచ్చాక కాగితాల కట్టలు సంచిలో పెట్టుకుని తెల్లారుజాము రైలుకి విశాఖ పరిగెత్తే బాధ తప్పింది. ఆ మేలు మరిచిపోలేదు. మెచ్చుకోలు ఇక్కడితో ఆపి అసలు సంగతికి వస్తాను.

ఈ ఉత్తరం నేరుగా మీకే రాయొచ్చు కదా అంటారేమో. రాశాం. మూడు నెలల్లో నాలుగు మెయిళ్లు పంపాం, రెండు టికెట్లు (ఫిర్యాదులు) తెరిచాం. ప్రతిసారీ నిమిషంలోపే జవాబు వచ్చింది, ‘మీ అభిప్రాయం మాకు విలువైనది’ అని. ఆ జవాబు రాసింది మనిషి కాదని మాకూ తెలుసు. రెండో టికెట్‌ని ఎవరూ తాకకుండానే ‘పరిష్కరించబడింది’ అని మూసేశారు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను. మేం వాడింది ఏ కంపెనీదో చెప్పను. పక్క యూనిట్లవాళ్లు వేరే కంపెనీల తెర చూపించారు, అక్కడా ఇదే తంతు. కాబట్టి ఒక్కరి మీద పెట్టే నింద కాదిది.

జరిగింది ఇది.

పలాస, కాశీబుగ్గల్లో చిన్నా పెద్దా కలిపి వందల జీడి యూనిట్లున్నాయి. మా ఉద్దానం తోటల పిక్క (పెంకుతో ఉన్న పచ్చి జీడిగింజ) ఏడాది పొడవునా సరిపోదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పక్కనే తీరం దాటి తోటల్ని వేళ్లతో సహా పెకలించాక, ఆఫ్రికా పిక్కల మీద ఆధారపడటం మాకు ఇంకా పెరిగింది. మే నెలలో మాకు రెండు కంటైనర్లు వచ్చాయి. కోట్ దివోయిర్ (ఐవరీ కోస్ట్) పిక్కలు, అక్కడి అబిజాన్ రేవులో ఎక్కి కొలంబోలో ఓడ మారి విశాఖకి. ఓడ ఆదివారం రేవులో చేరుతుందని కబురు. చట్టం ప్రకారం సరుకు వచ్చే రోజుకి ముందురోజు ముగిసేలోగా బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకు వివరాలు కస్టమ్స్‌కి చెప్పే పత్రం, దాఖలు చేయాలి. మేం బిల్లు అనేది దీన్నే. 2021లో మార్చిన నియమం ఇది. సెలవురోజని మినహాయింపేమీ లేదు. అంటే శనివారం అర్ధరాత్రి మాకు గడువు.

శనివారం సాయంత్రం విశాఖలో బ్రోకరుగారి ఆఫీసు కుర్రాడు వివరాలు కొడుతున్నాడు. ఇక్కడ నేను నా లాగిన్‌లో చూస్తున్నాను. ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ రవాణా పత్రం) నంబరు, కంటైనర్ నంబర్లు, సరుకు రకం చెప్పే 08013100 అనే హెచ్‌ఎస్ కోడు, అన్నీ సరిగ్గానే పడ్డాయి. సరుకు వర్ణన దగ్గర మాత్రం ఆ కుర్రాడు టైపు చేయకుండా, పంపినవాళ్లు మెయిల్‌లో పెట్టిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకుకి తెగుళ్లు లేవనే పత్రం) నుంచి దేశం పేరుతో సహా కాపీ చేసి అతికించాడు. ఆ కాగితం ఫ్రెంచిలో ఉంది. ఫ్రెంచివాళ్లు ఆ దేశం పేరు రాసేటప్పుడు ‘ఓ’ అక్షరం మీద చిన్న టోపీ పెడతారు. ఆ టోపీ కూడా అతుక్కుని వచ్చేసింది. 7 గంటల 20 నిమిషాలకి తెర మీద పచ్చ టిక్కు, పక్కన ‘సబ్మిటెడ్’ అన్న మాట. ఓనర్‌గారికి ఫోన్ చేసి ‘అయిపోయిందండి, నిశ్చింతగా పడుకోండి’ అన్నాను. ఆ మాట అన్నది నేనే, అందుకే ఇప్పుడింత గింజుకుంటున్నాను.

రాత్రి 9.40కి ఆ ఫైలు కస్టమ్స్ వ్యవస్థ నుంచి తిరిగొచ్చేసింది. టోపీ ఉన్న అక్షరం చెల్లదని. మీ సాఫ్ట్‌వేర్‌కి ఆ కబురు అందింది. అందుకుని ఏం చేసింది? ఎడమపక్క ఉండే వరసలో ఏడో మెనూలో, ‘అక్నాలెడ్జ్‌మెంట్స్’ అనే పేజీ అడుగున ఒక ఎర్ర చుక్క పెట్టింది. మెయిల్ లేదు, ఎస్సెమ్మెస్ లేదు. మొదటి పేజీలో పచ్చ టిక్కు పచ్చగానే ఉంది. సోమవారం ఆ కుర్రాడు బిల్లు అసెస్‌మెంట్‌లో, అంటే అధికారి పరిశీలనలో ఉందనుకున్నాడు. మంగళవారం పొద్దున పదకొండింటికి, సుంకం డబ్బు సర్దాలి కదా, బిల్లు నంబరు చెప్పమని నేనడిగితే అప్పుడు బయటపడింది. టోపీ తీసేసి మళ్లీ పంపడానికి పట్టింది నాలుగు నిమిషాలు.

ఇప్పుడు ఇందులో సాంకేతికం ఏమిటో, వ్యాపారులకీ తెలియాలి గనక, నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఇంజినీర్లు తప్పులుంటే దిద్దండి.

మన కస్టమ్స్ పని నడిచేది ఐసెస్ అనే కేంద్ర వ్యవస్థ మీద. దాన్ని తయారుచేసి నిలబెట్టింది నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ (ఎన్‌ఐసీ). బయటివాళ్లం దాన్ని చేరుకునే వీధి గుమ్మం ఐస్‌గేట్. బ్రోకరు మీ వెబ్ సాఫ్ట్‌వేర్‌లో అందంగా ఉన్న గడుల్లో నింపే వివరాలు ఆ అందంతో లోపలికి వెళ్లవు. మీ సాఫ్ట్‌వేర్ వాటిని ఫ్లాట్ ఫైలు అనే సాదా అక్షరాల వరసగా మారుస్తుంది. గడికీ గడికీ మధ్య కామా గానీ గీత గానీ ఉండదు. కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది, ఆస్కీ పట్టికలో దాని సంఖ్య 29. ఆస్కీ పట్టికలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులే ఉంటాయి. టోపీ పెట్టుకున్న ఫ్రెంచి అక్షరానికి అందులో చోటు లేదు. బ్రౌజర్ గడిలో మాత్రం ఫ్రెంచి, తెలుగు, అరబ్బీ ఏదైనా పడుతుంది. గడి ఒప్పుకున్న అక్షరం ఫైలులో ఇమడకపోవచ్చని మీకు ముందే తెలుసు. తెలిసీ గడి దగ్గర కాపలా పెట్టలేదు.

తర్వాత సంతకం. బ్రోకరు దగ్గర యూఎస్‌బీ టోకెన్‌లో డిజిటల్ సంతకం ఉంటుంది. వెబ్ పేజీ తనంతట తాను టోకెన్‌ని ముట్టుకోలేదు. ఒకప్పుడు బ్రౌజర్ లోపలే నడిచే జావా ఆప్లెట్లు ఆ పని చేసేవి. 2015లో క్రోమ్ వాటికి తలుపు మూసేశాక, కంప్యూటర్‌లో ఒక చిన్న ప్రోగ్రాం కూర్చోబెట్టి దాని ద్వారా సంతకం చేయిస్తున్నారు. విండోస్ అప్‌డేట్ పడిన మర్నాడు ఆ చిన్న ప్రోగ్రాం మొరాయించడం బ్రోకర్ల ఆఫీసుల్లో రోజూ వినే కథే. (టోకెన్ పిన్ కీబోర్డు అడుగున అతికించి పెట్టుకునే ఆఫీసులూ చూశాను. అది మాత్రం మీ తప్పు కాదు.)

సంతకమైన ఫైలు గుమ్మం దగ్గరికి వెళ్తుంది. అక్కడినుంచి రసీదు రావాలి. ఫైలు బాగుంటే బిల్లు నంబరు, తేదీ వస్తాయి. బాగోకపోతే ఫలానా చోట తప్పు అని తిరుగుటపా వస్తుంది. నంబరు వస్తేనే బిల్లు దాఖలైనట్టు. పోస్టు డబ్బాలో ఉత్తరం వేసినంత మాత్రాన అవతలివాళ్లకి అందినట్టు కాదు గదా. మీ పచ్చ టిక్కు డబ్బాలో వేశామని మాత్రమే చెబుతోంది. మేం అందిందని చదువుకుంటున్నాం. మా గొడవంతా ఇక్కడే ఉంది.

దీనివల్ల ఎవరెవరికి ఏమైందో ఒక్కొక్కటిగా రాస్తున్నాను.

1. ఆలస్య రుసుము. మొదటి మూడు రోజులు రోజుకి ₹5,000, ఆ తర్వాత రోజుకి ₹10,000. మాకు ఆది, సోమ, మంగళ లెక్కన ₹15,000 పడింది. పెద్ద దిగుమతిదారులకి ఇది లెక్కలోకి రాకపోవచ్చు. రెండు కంటైనర్ల యూనిట్‌కి ఇది పది మంది వారం కూలి.

తగిన కారణం చూపిస్తే అధికారి ఈ రుసుము మాఫీ చేయొచ్చు, చట్టంలో వీలుంది. మేం వెళ్లాం. ఆయన శాంతంగానే విన్నారు. ‘శనివారమే పంపామంటున్నారు, ఎన్ని గంటలకి పంపారు, ఎన్ని గంటలకి తిరిగొచ్చింది, ఆధారం చూపించండి’ అన్నారు. న్యాయమైన ప్రశ్న. మా దగ్గరున్నది నేను ఫోన్‌తో తీసిన తెర ఫొటో ఒక్కటే. పచ్చ టిక్కు ఫొటో. అది చూసి ఆయన నవ్వలేదు, అదే గొప్ప. లాగ్ (ఏది ఎప్పుడు జరిగిందో సర్వర్ రాసుకునే చిట్టా) కావాలని మిమ్మల్ని అడిగాం. రెండు టికెట్లూ దాని కోసమే. ఆధారం లేక డబ్బు కట్టి సరుకు విడిపించుకున్నాం.

2. కంటైనర్ అద్దె. టెర్మినల్‌లో గ్రౌండ్ రెంట్, కంటైనర్ ఆలస్యంగా తిరిగిచ్చినందుకు షిప్పింగ్ లైన్‌కి డిటెన్షన్. బిల్లు మూడు రోజులు వెనక్కి పోయేసరికి దాని తర్వాతి ప్రతి పనీ వెనక్కి పోయింది. ప్లాంట్ క్వారంటైన్ (తెగుళ్ల తనిఖీ) వంతు తప్పింది, లారీ తప్పింది. మూడు రోజుల ఆలస్యం ఆరు రోజులై కూర్చుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

3. పిక్క. పచ్చి జీడిపిక్క ఇనపముక్క కాదు, ఊపిరి తీసుకునే సరుకు. మే నెల ఎండకి మూసిన కంటైనర్ లోపల పగలు ఆవిరి, రాత్రి చెమట. పైవరస బస్తాలు తడుస్తాయి. మా బస్తాలు దించినప్పుడు తలుపు పక్కనున్నవాటిలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, ముక్కిన వాసన కొట్టింది. కోసి చూస్తే పప్పు మీద మచ్చ. మాకు పిక్క రేటు 80 కిలోల బస్తా లెక్క, అందులోంచి ఎంత మంచి పప్పు దిగుతుందన్నదే లాభమైనా నష్టమైనా. మచ్చపడిన గుండు (విరగని పప్పు) బద్ద రేటుకి కూడా పోదు. ఈ నష్టాన్ని ఏ రసీదూ చూపించదు, అందుకే దీన్ని మీ ఖాతాలో ఎలా వేయాలో నాకు తెలియడం లేదు.

4. ఆడవాళ్లు. ఇది రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, నాలుగో నంబరుకి గానీ రాలేకపోయాను.

పొట్టు తీసే పని, గ్రేడింగ్ పని మా దగ్గర అంతా ఆడవాళ్లే చేస్తారు. జీతం నెలకి కాదు, తీసిన కిలోల లెక్క. పిక్క లేకపోతే పని లేదు, పని లేకపోతే ఆ రోజు కూలి లేదు. సోమవారం సాయంత్రానికి పాత సరుకు అయిపోయింది. ఇరవై రెండు మందిలో సగం మందిని మర్నాడు రావద్దని చెప్పాల్సింది నేనే. బల్ల మీద పొట్టు ఊడుస్తున్న ఒకావిడ తల ఎత్తకుండానే అడిగింది, ‘ఏటి గుమస్తా బాబూ, రేపు పనుందా, నేదా? బేగి సెప్పు, నేకుంటే కూలికి ఎల్తాను’ అని. సముద్రం మీద ఓడొచ్చింది, సరుకూ వచ్చింది, కాగితం మాత్రం రాలేదు అన్నాను. ‘కాగితం ఎక్కడుండిపోయింది?’ అంది. దానికి జవాబు అప్పటికి నాకూ తెలీదు. పదకొండు మంది ఆరు రోజులు ఇంటి దగ్గరున్నారు. ఒక అక్షరం నెత్తిన ఉన్న టోపీ వల్ల అని ఆవిడకి చెబితే నమ్మదు. నేను చెప్పలేదు కూడా.

5. మనిషి లేకపోవడం. 2020 అక్టోబరు ఆఖరుకి దేశమంతా ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ వచ్చింది. మా బిల్లు చూసే అధికారి ఏ ఊళ్లో ఉంటారో మాకు తెలియదు, తెలియకూడదన్నదే ఆ పద్ధతి ఉద్దేశం. లంచాలు తగ్గడానికి మంచిదే. కానీ ఆయన అడిగే ప్రశ్న తెర మీదే వస్తుంది, మేం చెప్పే జవాబు తెర మీదే వెళ్తుంది. పూర్వం సారు గది ముందు నిలబడితే ‘మీ ఫైలు రాలేదయ్యా’ అని ప్యూనైనా చెప్పేవాడు. ఇప్పుడు ఆ ప్యూను ఉద్యోగం మీ సాఫ్ట్‌వేర్‌ది. మీ తెర అబద్ధం చెబితే నిజం చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఇంకో మాట. 2023 ఏప్రిల్‌లో ఎలక్ట్రానిక్ క్యాష్ లెడ్జర్ (సుంకం డబ్బు ముందే జమచేసుకునే ఖాతా) మొదలైనప్పుడు సుంకం చెల్లింపులు ఇరుక్కుపోయి దేశమంతా గగ్గోలు పుట్టింది గుర్తుందా? ఆ రోజులకి వడ్డీ మాఫీ చేస్తూ కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఉత్తర్వులిచ్చింది. ప్రభుత్వ వ్యవస్థలో తేడా వస్తే అడగడానికి ఒక చిరునామా ఉంది, మాఫీకి ఒక దారి ఉంది. మధ్యలో ఉన్న ప్రైవేటు సాఫ్ట్‌వేర్‌లో తేడా వస్తే? మీ ఒప్పందం చదివాను. పద్నాలుగో పేరాలో, ఎలాంటి నష్టానికీ మాకు బాధ్యత లేదని ఉంది. ఆ పేరాలో మాత్రం అక్షరదోషం ఒక్కటీ లేదు.

‘మీ ఊళ్లో నెట్ బాగోదు, కరెంటు పోతుంది, మేమేం చేస్తాం’ అని మీ మనిషి ఒకాయన ఫోన్‌లో అన్నారు. మాకు నెట్ బాగోదు, నిజం. తిత్లీ తర్వాత రోజుల తరబడి చీకట్లో ఉన్నవాళ్లం, మాకొకరు చెప్పాలా? కానీ ఈ సమస్య మాతో మొదలవలేదు. ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ అంక్టాడ్ 1980ల మొదట్లో పశ్చిమ ఆఫ్రికా దేశాలు అడిగాయని కస్టమ్స్ కోసం అసైకుడా అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టింది. దాని వెబ్ రూపం అసైకుడా వరల్డ్. జావాలో రాశారు, పత్రాలు ఎక్స్‌ఎంఎల్ రూపంలో నడుస్తాయి. శ్రీలంక, బంగ్లాదేశ్‌తో సహా ఎన్నో దేశాలు వాడుతున్నాయి. దాన్ని కట్టేటప్పుడే ఒక మాట అనుకున్నారు: టెలిఫోన్ లైన్లు సరిగా లేని దేశాల్లో ఇది పనిచేయాలి, సర్వర్‌తో కనెక్షన్ ఎప్పుడూ ఉండి తీరాలన్న షరతు ఉండకూడదు. మా పిక్క బయల్దేరిన కోట్ దివోయిర్ కస్టమ్స్ వాడే సిడామ్ వరల్డ్ దాని రూపమే. అబిజాన్‌లో ఇరవై ఏళ్ల కిందటి ఆలోచనకి అందిన సంగతి, 2020లు సగం గడిచాక మీ కొత్త సాఫ్ట్‌వేర్‌కి అందలేదంటే నెట్‌ని తిట్టి ఏం లాభం?

మా డిమాండ్లకి నంబర్లు పైనుంచే కొనసాగిస్తున్నాను, రేపు మీరెవరైనా ఫోన్ చేస్తే తికమక లేకుండా ఉంటుందని.

6. పచ్చ టిక్కుని బిల్లు నంబరు వచ్చేదాకా చూపించకండి. నాలుగు మెట్లు విడివిడిగా చూపించండి: ‘ఇక్కడ దాచాం’, ‘పంపాం, జవాబు రాలేదు’, ‘తిరిగొచ్చింది’, ‘నంబరు వచ్చింది’. చివరి మెట్టు ఒక్కటే పచ్చ. రెండో మెట్టులో గంటకి మించి ఉంటే తెర పసుపు రంగులోకి మారాలి, ఓడ వచ్చే తేదీని బట్టి గడువు ఇంకెన్ని గంటలుందో పక్కనే కనబడాలి. ఓడ తేదీ మీ దగ్గర ఉంది, గడువు నియమం మీకు తెలుసు, తీసివేత లెక్క ఎంతసేపు?

7. తిరిగొచ్చిన ప్రతి ఫైలుకీ బ్రోకరుకీ, దిగుమతిదారుకీ ఇద్దరికీ వెంటనే ఎస్సెమ్మెస్ రావాలి. తెలుగులో. ‘మీ బిల్లు దాఖలు కాలేదు’ అన్న నాలుగు మాటలు చాలు. బ్యాంకువాళ్లు పది రూపాయలు కట్ అయితే చెబుతున్నారు.

8. గడి దగ్గరే కాపలా పెట్టండి. ఫైలులో ఇమడని అక్షరం అతికిస్తే అక్కడికక్కడే ఎర్రగీత పడాలి. టోపీ తీసి సాదా అక్షరం వేయమంటారా అని అడగాలి. అడక్కుండా మార్చేయకండి, అదింకో తలనొప్పి.

9. పంపే వేళ నెట్ పోతే వివరాలు బ్రౌజర్‌లోనే భద్రంగా ఉండాలి, నెట్ వచ్చాక అక్కడినుంచే కొనసాగాలి. ఇప్పుడు లాగిన్ గడువు తీరిపోయి ముప్పై గడులు మళ్లీ కొట్టాల్సి వస్తోంది. కంగారులో రెండుసార్లు నొక్కితే ఒకే సరుక్కి రెండు బిల్లులు పోకుండా ఆ పనికి ఇచ్చిన జాబ్ నంబరు చూసి ఆపండి.

10. పాత బిల్లు కాపీ చేసి కొత్తది తయారుచేసే బటన్ గురించి. బెనిన్ లాంటి అతి వెనుకబడిన దేశాల జీడిపిక్కకి సుంకం రాయితీ పథకం ఉంది, కోట్ దివోయిర్‌కి అది లేదు. బెనిన్ బిల్లు కాపీ చేస్తే రాయితీ నోటిఫికేషన్ నంబరు చడీచప్పుడు లేకుండా కొత్త బిల్లులో కూర్చుంటోంది. మేం పట్టుకున్నాం గనక బతికిపోయాం. పట్టుకోకపోతే సుంకం ఎగవేతదారులం అయ్యేవాళ్లం. దేశం మారితే రాయితీ గడి ఖాళీ అవ్వాలి.

11. లాగ్. ఏ ఫైలు ఏ క్షణాన పంపారు, ఏ క్షణాన ఏ జవాబు వచ్చింది, మార్చడానికి వీల్లేని పట్టికగా దిగుమతిదారు తన లాగిన్ నుంచే దించుకోగలగాలి. టికెట్ పెట్టి బతిమాలుకునే పని ఉండకూడదు. మాఫీ అడిగే హక్కు చట్టం మాకిచ్చింది, దాని తాళంచెవి మీ దగ్గర ఉండిపోయింది. మిగతావన్నీ రేపు చేసినా సరే, ఇది ఇవాళ కావాలి.

12. చందా ఆపేసినా మా పాత బిల్లుల డేటా మాకు తెరవగలిగే రూపంలో ఇవ్వండి. సరుకు మాది, బిల్లు మాది.

బ్రోకర్లకి ఒక విన్నపం. బిల్లు నంబరు చేతికి రానిదే ‘ఫైల్ చేశాం’ అని పార్టీకి చెప్పకండి. మీ కుర్రాళ్లకి రోజుకి ఇరవై జాబులు, టెన్షన్, అర్థమవుతుంది. అయినా పడుకునే ముందు ఆ ఏడో మెనూ ఒక్కసారి తెరవమనండి. కొత్త సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు 6, 7, 11 నంబర్లు ఉన్నాయా అని అడగండి. ఒక్క వారం మీరు అడిగితే కంపెనీలు నెలలో చేస్తాయి, మేం ఏడాది అరిచినా చేయవు. మరీ చిన్న జాబులకి బిల్లు ఫైలు తయారుచేసుకోవడానికి ఎన్‌ఐసీ ఉచితంగా ఇచ్చే ఆర్‌ఈఎస్ ప్యాకేజీ ఉంది, ఐస్‌గేట్‌లో నేరుగా నింపే వీలూ ఉంది. అవి అంత సొగసుగా ఉండవు, కానీ ఆపద రాత్రి పనికొస్తాయి.

తోటి యూనిట్లవాళ్లకి కూడా: మీకూ ఇలా జరిగి ఉంటే తేదీ, పంపిన వేళ, కట్టిన రుసుము రాసి పెట్టుకోండి. సంఘం తరఫున అన్నీ కలిపి ఇద్దాం. ‘ఎందుకొచ్చిన గొడవ’ అని కట్టేసి ఊరుకున్నవాళ్లు నాకు తెలిసే ముగ్గురున్నారు.

కంపెనీవారికి ఆఖరుగా. మా రెండో టికెట్ మళ్లీ తెరవండి. అందులో అడిగింది ఒక్కటే: ఆ శనివారం సాయంత్రం 7.20 నుంచి రాత్రి 9.40 దాకా మీ సర్వర్‌లో ఉన్న నాలుగైదు లైన్ల లాగ్. ఈ ఉత్తరం తేదీ నుంచి పదిహేను రోజుల్లో అది ఇస్తే, రుసుము వాపసు కోసం దాన్ని జతచేసి అధికారి దగ్గరికి మళ్లీ వెళ్తాను. ఇవ్వకపోతే ఈ ఉత్తరం మీదే యూనిట్లవాళ్ల సంతకాలు పెట్టించి, వినియోగదారుల కమిషన్‌లో ఏం చేయొచ్చో లాయరుగారిని అడగడానికి శ్రీకాకుళం వెళ్తాను. రెండింటికీ బస్సు కాశీబుగ్గ కాంప్లెక్స్ నుంచే.

ఇట్లు,
ఒక జీడిపప్పు యూనిట్ గుమాస్తా,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా